పురుగుమందు కొట్టే మనిషికి విషం ఎక్కకుండా: దుకాణం దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా

2017 వానకాలంలో పెన్‌గంగకు అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు దాటి పెరిగింది. పిచికారీ గన్ను తలపైకి ఎత్తి కొడితే తుంపరంతా తిరిగి మొహం మీదే పడింది. దానికితోడు ఉక్కపోత, ఒకే ట్యాంకులో రెండు మూడు రకాల మందులు. ఇవతలి ఒడ్డున ఆదిలాబాద్‌లోనూ అదే పత్తి, అవే మందులు, అదే పని.

పురుగుమందు ముక్కులోంచే పోతుందని మనలో చాలామంది నమ్మకం. అందుకే మూతికి తువ్వాలు చుట్టుకుని, లుంగీ ఎగగట్టి, ఉత్త కాళ్లతో చేలో దిగుతారు. చేలో పనిచేసేవాళ్లకు విషం ఎక్కువగా ఎక్కేది చర్మం గుండానే. ఒంట్లో అన్నిచోట్లా చర్మం ఒకేలా పీల్చుకోదు కూడా. పారాథియాన్ అనే మందు మీద అమెరికాలో 1970ల మొదట్లో పరీక్షించి చూస్తే ముంజేతి కంటే నుదురు సుమారు నాలుగు రెట్లు, వృషణాల చర్మం పది రెట్లకు పైగా పీల్చుకుంది. వీపు మీది ట్యాంకు మూత కారితే ఆ నీళ్లు నడుము మీదుగా ఎక్కడికి దిగుతాయో ఒకసారి ఊహించుకోండి.

ఇది ముఖ్యంగా కూలీలను పెట్టి మందు కొట్టించే రైతు కోసం రాసింది. చేను మీది, ఒళ్లు కూలీది. కాబట్టి కింద చెప్పిన పనుల్లో చాలావాటి బాధ్యత మీదే.

1. అసలు కొట్టాలా అన్నది ముందు తేల్చుకోండి

పక్క చేలో కొట్టారు కాబట్టి మనమూ కొట్టాలన్నది మానుకుంటే ఒకటి రెండు విడతలు అక్కడే తగ్గుతాయి. పత్తిలో గులాబీరంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టేవి) పెట్టండి. ఒక్కో బుట్టలో రోజుకు ఎనిమిది మగ రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితేనో, తెంపి చూసిన కాయల్లో పదింటికి ఒకటి పుచ్చితేనో మందు సంగతి ఆలోచించాలి. మిరపలో తామర పురుగుకు నీలం రంగు జిగురు అట్టలు పెడతారు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల రైతులూ నాలుగైదు మందులు కలిపి కొట్టారు. పురుగు ఆగలేదు గానీ కొట్టినవాళ్ల ఒళ్లు మాత్రం గుల్లయింది.

పురుగుమందు లేకుండా సాగు కుదరదనేవాళ్లు ఒకసారి పాల్వంచ దగ్గరి పునుకుల వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడండి. మొత్తం ఊరే మందు మానేసిన పత్తి గ్రామం అది. జనగామ దగ్గరి ఏనెబావి కూడా అలాంటిదే. అందరూ రేపటికల్లా అలా మారిపోతారని నేననను. కానీ ఒక విడత తగ్గినా ఆ రోజు ఎవరికీ విషం ఎక్కనట్టే. ఏ మాస్కూ దీనికి సాటి రాదు.

2. దుకాణంలో అడగాల్సినవి

సీసా మీది ముక్కోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం. తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు మందులు అడ్డా కూలీ చేతికి ఇవ్వకండి. అదే పురుగుకు నీలం, ఆకుపచ్చ మందు ఉందా అని అడగండి, చాలాసార్లు ఉంటుంది. అయితే ఆకుపచ్చ ఉంటే ఏమీ కాదనుకోవద్దు. ఆ రంగు చెప్పేది ఎంత మోతాదుకు ప్రాణం పోతుందన్నదే. ఏళ్ల తరబడి ముట్టుకుంటే ఏమవుతుందో అది చెప్పదు.

మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును కేంద్రం 2023 అక్టోబరులో నిషేధించి, ఉన్న సరుకు అమ్ముకోవడానికి ఏడాది గడువిచ్చింది. ఆ గడువూ అయిపోయింది. ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ 2020 చివరితోనే ఆగిపోయాయి. పాత సరుకు లోపల ఉందని ఎవరైనా మెల్లగా చెబితే వద్దనండి. ముక్కోణం, రిజిస్ట్రేషన్ నంబరు లేని సీసా చేతిలో పెట్టి ‘బయో మందు, ఏమీ కాదు’ అంటే అదీ వద్దు. అందులో ఏముందో తెలియకపోతే రేపు డాక్టరు కూడా ఏమీ చేయలేడు.

సీసాతో పాటు లోపలి కాగితం తప్పకుండా అడిగి తీసుకోండి. విషం ఎక్కితే కనిపించే లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు అందులో రాసి ఉంటాయి. అక్షరాలు చీమల బారులా ఉంటాయి, నిజమే. ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవండి. బిల్లు కూడా తీసుకోండి, చివర్లో దాంతో పనుంది.

3. ఎవరితో కొట్టించకూడదు

పద్దెనిమిది నిండని పిల్లలతో, గర్భిణులతో, పాలిచ్చే తల్లులతో వద్దు. చేతులకు, కాళ్లకు పుండ్లున్నవాళ్లతో, ఉబ్బసం ఉన్నవాళ్లతో, ముందురోజు రాత్రి తాగినవాళ్లతో కూడా వద్దు. నిన్న మందు కొట్టి తలనొప్పి, వికారం అన్న మనిషికి ఈ రోజు ఇంకో పని ఇవ్వండి.

‘మాకలవాటే సార్, పదేళ్ల నుంచి కొడుతున్నాం’ అంటారు. విషానికి ఒళ్లు అలవాటుపడదు. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల పనికి కావాల్సిన కోలినెస్టరేస్ అనే ఎంజైమును దెబ్బతీస్తాయి. అది మళ్లీ మామూలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. అది కోలుకోకముందే మళ్లీ మళ్లీ కొడితే ఇంకా ఇంకా పడిపోతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఈ రోజు నాలుగో ట్యాంకుకే కూలబడేది అందుకే. మందు కొట్టే పని చేసేవాళ్లకు వైద్య పరీక్షలు చేయించాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది. ఊళ్లో ఎవరూ చేయించరు. కనీసం సీజను మధ్యలో ఒకసారి జిల్లా ఆసుపత్రిలో కోలినెస్టరేస్ రక్తపరీక్ష గురించి అడగండి.

కూలి లెక్క గురించి కూడా ఒక మాట. ట్యాంకుకు ఇంత అని మాట్లాడితే మనిషి ఆగడు. నీళ్లు తాగడు, కారుతున్న మూత బాగుచేయడు, ఎండ ముదిరినా వదలడు. రోజు కూలి ఇచ్చి, కొట్టే సమయం నాలుగు గంటలకు మించకుండా చూడండి. మిగతా పొద్దు వేరే పని చెప్పండి.

4. ముందు వట్టి నీళ్లతో పంపు చూడండి

ట్యాంకులో మంచినీళ్లు పోసి, వీపున వేసుకుని పది అడుగులు నడిపించండి. మూత దగ్గర, పైపు జాయింటు దగ్గర, ట్రిగ్గరు దగ్గర చుక్క కారినా వాషరు మార్చాకే మందు కలపాలి. పది రూపాయల వాషరు లేక వీపంతా తడిసిన కూలీలు ప్రతి సీజనులోనూ కనిపిస్తారు. నాజిల్‌లో చెత్త అడ్డుపడితే నోటితో ఊదనివ్వకండి. పాత టూత్‌బ్రష్షో ఈనెపుల్లో పంపుకు తాడుతో కట్టి ఉంచితే ఎవరూ నోట్లో పెట్టుకోరు.

5. కలపడం: అసలు ప్రమాదం ఇక్కడే

ట్యాంకులో ఉండేది నీళ్లు కలిసిన మందు. సీసాలో ఉండేది చిక్కటి విషం. అయినా మన జాగ్రత్తలన్నీ పంపు మోసేవాడి చుట్టూనే తిరుగుతాయి. గట్టు మీద ఎవరుంటారో చూడండి. నీలం డ్రమ్ము పక్కన ఒకామె కూర్చుని ఉంటుంది. బిందెలతో నీళ్లు తెచ్చేదీ, మూతతో మందు కొలిచేదీ ఆమే. కర్ర కనబడకపోతే చెయ్యి మోచేతి దాకా ముంచి తిప్పుతుంది. గాజుల సందుల్లో మందు నిలిచిపోతుంది. ఆ చేత్తోనే చెమట తుడుచుకుంటుంది, ఏడ్చే పిల్లాణ్ని ఎత్తుకుంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ఊళ్లలో పత్తి పండించే మహిళలతో చేసిన అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. మందు కలిపి ట్యాంకులు నింపే ఆడవాళ్లకు, నేరుగా కొట్టేవాళ్లకు ఉన్నంత ముప్పూ ఉందని అందులో తేలింది. ఆమె మందు కొట్టలేదు కాబట్టి ఆమె తలనొప్పిని ఎండకో నీరసానికో అంటగట్టేస్తాం.

కాబట్టి మీ దగ్గర ఒకటే జత మంచి చేతి తొడుగులుంటే అవి కలిపే మనిషికే ఇవ్వండి. నైట్రైల్ రబ్బరువి కొనండి. గుడ్డ తొడుగులు, తోలు తొడుగులు మందును పీల్చుకుని చేతికి అంటిపెట్టుకుని ఉంటాయి, ఉత్త చేతుల కంటే అవే చెడ్డ. కళ్లకు అద్దాలు, ముందు భాగానికి మోకాళ్ల కిందికి దిగే ప్లాస్టిక్ పట్టా కట్టండి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టించండి.

కలిపేటప్పుడు గాలి వీపు వైపు నుంచి రావాలి. బోరు, బావి, కాలువలకు దూరంగా, నీడలో కూర్చోవాలి. ముందు సగం నీళ్లు, తర్వాత కొలిచిన మందు, మళ్లీ నీళ్లు. సీసా నడుము కంటే ఎత్తుకు లేపి పోయకూడదు, చిందితే కళ్లలోకే. పొడి మందు పొట్లాన్ని కత్తెరతో కోయాలి, పళ్లతో చించకూడదు. కలపడానికి పొడవాటి కర్ర ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోండి. చేలో వెతుక్కుందాం అనుకుంటే చెయ్యే కర్ర అవుతుంది.

కాగితం మీద లేని కలయికలు చేయొద్దు. రెండు మందులు కలిసి మనిషి ఒంట్లో ఏం చేస్తాయో దుకాణదారుకూ తెలియదు.

6. ఒంటి మీద ఏముండాలి

పొడుగు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు, రబ్బరు బూట్లు. ప్యాంటు బూటు లోపలికి దోపకూడదు, పైనుంచి దించాలి. లేకపోతే కారిన మందంతా బూటులో నిలుస్తుంది. చేతి తొడుగుల విషయంలో పైరు ఎత్తు చూసుకోవాలి. కింద పైరుకు కొడుతుంటే తొడుగు చొక్కా చెయ్యి లోపల ఉండాలి. గన్ను పైకెత్తి కొట్టాల్సి వస్తే చొక్కా మీదికి రావాలి. ట్యాంకుకూ వీపుకూ మధ్య ప్లాస్టిక్ పట్టా ఒకటి కట్టండి.

మూతికి కట్టే తువ్వాలు తడిసిందంటే మందును ముక్కుకే అదిమి పెట్టినట్టు. దాంతోనే చెమట తుడుచుకుంటే నుదుటికీ పట్టించినట్టే. ఎన్95 మాస్కు తుంపరను కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఘాటైన మందులకు ఆవిరిని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి.

మే నెలలో కాకపోయినా ఆగస్టు ఉక్కలో ఇవన్నీ వేసుకుని ఎవరు నిలబడతారు అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా బెంగళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధకులు ఒక గుడ్డ తయారు చేశారు. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు తగలగానే వాటిని విరిచేస్తుంది, గాలి ఆడుతుంది, ఉతుక్కోవచ్చు. ‘కిసాన్ కవచ్’ పేరుతో 2024 డిసెంబరులో దాన్ని విడుదల చేసినప్పుడు ధర నాలుగు వేలన్నారు. ఒక కూలీకి అది చాలా ఎక్కువ. పది మంది రైతులు కలిసి రెండు కొని ఊళ్లో తిప్పుకుంటే కాదు. అదీ లేకపోతే, పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కక ముందే ఆపేయడం ఒక్కటే దారి.

7. కొట్టేటప్పుడు

పొద్దున పది లోపు, సాయంత్రం నాలుగు దాటాక. ఆకులు కాస్త కదిలేంత గాలి ఉంటే చాలు, కొమ్మలు ఊగితే ఆపేయండి. గాలికి అడ్డంగా నడుస్తూ, కొట్టిన సాలులోంచి కాకుండా కొట్టని సాలులోంచి ముందుకు పోవాలి. పత్తి, కంది తల దాటి పెరిగితే మనిషిని లోపలికి దించి కొట్టించొద్దు. యవత్‌మాల్ చేలలో జరిగింది అదే.

మందు కొడుతున్న సంగతి పక్క చేను వాళ్లకు ముందే చెప్పండి. అటు కలుపు తీసేవాళ్లకు ఏ తొడుగులూ ఉండవు. బీడీ, గుట్కా, తంబాకు, అన్నం మూట, నీళ్ల సీసా అన్నీ దూరంగా చెట్టు కింద పెట్టించండి. ఫోను కూడా. మందు చేత్తో ఫోనెత్తి చెంపకు ఆనించుకునేవాళ్లు ఎక్కువైపోయారు. సబ్బు, రెండు బిందెల మంచినీళ్లు గట్టు మీద పెట్టకుండా పని మొదలుపెట్టించకండి.

డ్రోన్ వస్తే ఇదంతా అక్కర్లేదంటున్నారు. వీపు మీది ట్యాంకు దిగుతుంది, మంచిదే. కానీ డ్రోన్‌తో ఎకరాకు పది లీటర్ల నీళ్లే వాడతారు, కాబట్టి కలిపే మందు చాలా చిక్కగా ఉంటుంది. కలిపే మనిషికి చేతి తొడుగుల అవసరం ఇంకా పెరుగుతుంది.

8. కొట్టాక

స్నానం వెంటనే, సబ్బుతో, చేను దగ్గరే అయితే మరీ మంచిది. తల, చెవుల వెనక, గజ్జలు, గోళ్లు మర్చిపోవద్దు. ఆ బట్టలు వేరే సంచిలో వేసి, ఇంటి బట్టల్లో కలపకుండా వేరుగా ఉతకాలి. ఉతికేవాళ్లూ తొడుగులు వేసుకోవాలి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు ట్యాంకులోనే పోయండి, తర్వాత డబ్బాకు చిల్లు పెట్టండి. చిల్లు పెట్టని డబ్బా ఏదో ఒకరోజు ఎవరింట్లోనో నూనెకో కిరోసిన్‌కో పనికొస్తుంది. కాల్చొద్దు, ఆ పొగా విషమే.

మందు కొట్టిన చేలోకి తడి ఆరేదాకా ఎవరూ దిగకూడదు. ఘాటైన మందైతే కనీసం రెండు రోజులు ఆగాలి. గట్టున ఎర్ర గుడ్డ కట్టండి. మిర్చి కోతకు, పత్తి తీతకు వచ్చేవాళ్లు ఒళ్లంతా మొక్కలకు రాసుకుంటూ పనిచేస్తారు. కాగితం మీద కోతకు ఆగాల్సిన రోజులు రాసి ఉంటాయి, ఆ లెక్క తినేవాళ్ల కోసం. కోసేవాళ్ల కోసం గడువు రాసి లేకపోయినా మీరే పాటించండి.

9. విషం ఎక్కిందని గుర్తించడం

మొదట తలనొప్పి, వికారం, తల తిరగడం, చూపు మసకబారడం. తర్వాత నోట్లోంచి చొంగ, కళ్లలోంచి నీళ్లు, విపరీతమైన చెమట, కడుపునొప్పి, విరేచనాలు, కండరాలు అదరడం, గురక లాంటి శ్వాస. కనుపాపలు సూదిమొనంత అయిపోతాయి. వడదెబ్బకూ దీనికీ తేడా తెలియకపోతే కళ్లు, నోరు చూడండి. వడదెబ్బలో నోరు ఎండుతుంది, ఆర్గానోఫాస్ఫేట్ విషంలో చొంగ కారుతుంది. తేలకపోతే విషమనే అనుకోండి.

అన్ని మందులూ ఇలాగే ఉండవు. సైపర్‌మెత్రిన్ లాంటివి మొహం మండిస్తాయి, చర్మం చిటపటలాడుతుంది. పారాక్వాట్ గడ్డిమందు నోట్లోకి పోయినా, పుండు మీద పడినా ఆ రోజు మామూలుగానే ఉన్నట్టుండి తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దానికి విరుగుడు లేదు. క్లోర్‌ఫెనపిర్ కూడా కొన్ని రోజులు తగ్గినట్టే కనిపించి హఠాత్తుగా ముదురుతుంది.

10. ఆ తర్వాతి అరగంట

ముందు మీరు చేతులకు తొడుగులో ప్లాస్టిక్ సంచులో వేసుకోండి. మనిషిని గాలి తగిలే చోటికి తెచ్చి బట్టలన్నీ తీసేయండి. సిగ్గుపడే సమయం కాదు. చెప్పులు, బెల్టు, తాయెత్తు, మొలతాడు కూడా. మొలతాడు మందును పీల్చుకుని నడుం చుట్టూ అలాగే ఉంటుంది, కడిగేటప్పుడు ఎవరికీ గుర్తురాదు. సబ్బుతో, మామూలు నీళ్లతో పావుగంట కడగండి. కళ్లలో పడితే అవీ అంతసేపూ కడగాలి. ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

కక్కించొద్దు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పాలు, మజ్జిగ, చింతపండు ఏవీ పట్టించొద్దు. స్పృహ లేనివాడికి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ద్రావకంలో కలిపిన మందులైతే వాంతితో పాటు పైకొచ్చి అక్కడే నిమోనియా చేస్తాయి. స్పృహ తప్పితే ఎడమవైపు పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, నోట్లో చొంగ తుడుస్తూ ఉండండి. ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలూ వద్దు.

ఆర్‌ఎంపీ దగ్గర సెలైను ఎక్కించుకుంటూ గంట గడిపేయడం మన ఊళ్లలో అతి పెద్ద పొరపాటు. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి కావాల్సింది ఆట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్. దారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే అక్కడ మొదటి మోతాదు వేయించి పెద్దాసుపత్రికి వెళ్లండి. మందు సీసా, లోపలి కాగితం వెంట ఉండాలి. సీసా కారుతుంటే ఫోటో చాలు. ఏ విషానికి ఏం చేయాలో డాక్టరుకు అనుమానం ఉంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117 ఇవ్వండి.

తేరుకున్నాడు కదా అని ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చేయకండి. ఆర్గానోఫాస్ఫేట్ విషంలో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది. దిండు మీంచి తల ఎత్తలేకపోవడం దానికి తొలి గుర్తు. అది ఇంట్లో జరిగితే వెంటిలేటరు దాకా చేరే సమయం ఉండదు.

11. కాగితాలు

ఆసుపత్రిలో ‘మందు కొడుతుంటే ఎక్కింది’ అని గట్టిగా చెప్పి, కేసు షీటులో అలాగే రాయించండి. పురుగుమందు అనగానే ఆత్మహత్యాయత్నం అని రాసేసుకునే అలవాటు ఉంది. తర్వాత పరిహారం అడిగినప్పుడు ఆ ఒక్క మాటే అడ్డొస్తుంది. మందు కొన్న బిల్లు, సీసా మీది బ్యాచ్ నంబరు ఫోటో, ఆ రోజు పనిచేసినవాళ్ల పేర్లు ఒకచోట పెట్టుకోండి. నకిలీ మందని తేలితే దుకాణాన్ని నిలదీయడానికి అవే ఆధారం. మండల వ్యవసాయాధికారికి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

తెలంగాణలో రైతుబీమా పట్టా ఉన్న రైతుకు వర్తిస్తుంది, భూమి లేని కూలీకి వర్తించదు. మీ చేలో పడిపోయిన మనిషి ఆసుపత్రి ఖర్చు, మంచాన ఉన్న రోజుల కూలి ఎవరు పెట్టుకోవాలన్నది ట్యాంకు వీపుకెత్తే ముందే, మేస్త్రీని కూడా కూర్చోబెట్టుకుని తేల్చుకోండి.